రొయ్యల చెరువు మీద నా దండయాత్ర

యుద్ధాల్లో ట్యాంకులు పోగొట్టుకున్న సేనాపతులు చాలామందే ఉండి ఉంటారు. రొయ్యల చెరువులో మామగారి ట్రాక్టరును ముంచబోయిన సేనాపతిని మాత్రం, నాకు తెలిసి, నేనొక్కణ్ణే. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను. నవ్వొస్తే నవ్వేయండి, మొహమాటం వద్దు. మా అత్తవారి ఊరు ఊరంతా ఇప్పటికే నవ్వేసింది, మీరు కొత్తగా తీసేసే పరువేమీ మిగల్లేదు.

రష్యా సేనలు ఉక్రెయిన్ మీదకి వెళ్ళిన రోజులవి. నాకు కొత్తపేటలో జిరాక్సు కొట్టుంది. బేరాలు పల్చగా ఉండే కాలం కావడంతో రోజంతా ఫోనులో ఆ యుద్ధమే చూసేవాణ్ణి. పొద్దున్నే ఆ దేశం మ్యాపు కలర్లో ప్రింటు తీసి, శత్రువు ఎక్కడిదాకా వచ్చాడో ఎర్ర పెన్నుతో, ఆ దేశంవాళ్ళు ఎక్కడ ఆపారో నీలం పెన్నుతో గీసేవాణ్ణి. ఆధార్ కార్డు జిరాక్సుకి వచ్చినవాళ్ళని కూడా వదిలేవాణ్ణి కాదు. "రెండు కాపీలు చాలండి" అని వాళ్ళంటే, "కాపీలకేముందండి, ముందు కీవ్‌కి ఉత్తరాన చూడండి" అనేవాణ్ణి. కొందరు పక్క కొట్టుకి వెళ్ళిపోయారు.

నిజం చెప్పొద్దూ, మనవాళ్ళు కొందరు మెడిసిన్ చదవడానికి వెళ్తారని తప్ప ఆ దేశం గురించి నాకు అంతకుముందు ఏమీ తెలియదు. కానీ అంత పెద్ద సైన్యం మీదకొస్తుంటే, కొట్లవాళ్ళూ బడిపంతుళ్ళూ రైతులూ ఎవరి వీధికి వాళ్ళు అడ్డంగా నిలబడటం చూస్తే గుండె ఉప్పొంగిపోయేది. రైతు ఒకాయన మామూలు ట్రాక్టరుతో శత్రువుల బండిని లాక్కుపోతున్న వీడియో అయితే ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. వాళ్ళతో నాకేదో దగ్గరి చుట్టరికం ఉన్నట్టు తెగ గర్వపడిపోయేవాణ్ణి.

సరిగ్గా ఆ ఊపులో ఉండగా మా ఆవిడ సుజాత పుట్టింటికి వెళ్దామంది. వాళ్ళది కాట్రేనికోన దగ్గర సముద్రం పక్క ఊరు. మామగారికి మూడు రొయ్యల చెరువులూ, ఒక ట్రాక్టరూ ఉన్నాయి. ఆయన పొద్దున్నే లేచి ముందు దానికి స్నానం చేయించి, తర్వాత తాను చేస్తారు. మాకు పెళ్ళయి అప్పటికి ఏడాది. కోనసీమలో కొత్తల్లుడి సంగతి మీకు వేరే చెప్పాలా? ఆయన తప్పు మాట్లాడినా తల ఊపుతారు, తప్పు చేసినా కుర్చీ వేస్తారు. నా కొంప ముంచింది ఆ మర్యాదే.

మర్నాడు మామగారు పనుండి అమలాపురం వెళ్తూ, "ట్రాక్టరు తాళం మేకుకి ఉందండి అల్లుడు గారు. సరదాగా ఊళ్ళోకి వెళ్ళాలంటే తీసుకెళ్ళండి, మీదే అనుకోండి, ఆయ్" అన్నారు. అది మర్యాదకి అన్న మాటని లోకంలో ఎవరికైనా తెలుస్తుంది. నాకు తెలియలేదు. తాళం జేబులో, మ్యాపు చంకలో పెట్టుకుని, ట్రాక్టరెక్కి నేరుగా టీ కొట్టు దగ్గర దిగాను.

అక్కడున్నారు సుబేదారు గారు. పాతికేళ్ళు సైన్యంలో ట్యాంకుల మీద పనిచేసి రిటైరై వచ్చిన పెద్దాయన. మిలిటరీ విషయాల్లో ఆ ఊరికి ఆయన మాటే శాసనం. నేను బల్ల మీద మ్యాపు పరిచి, నాలుగు మూలలా నాలుగు టీ గ్లాసులు పెట్టాను.

"చూడండి సుబేదారు గారూ, ఉక్రెయిన్ వాళ్ళు నిలబడతారు. ఇప్పుడక్కడ మంచు కరుగుతోంది. పైన పెచ్చు గట్టిగా కనిపిస్తుంది, కింద అంతా బురద. రష్యా ట్యాంకులు దిగబడి తీరతాయి."

ఆయన నింపాదిగా టీ చప్పరించారు. "అల్లుడు గారు చదువుకున్నోరు, కాదనకూడదనుకోండి. కానీ ట్యాంకంటే ఏటనుకుంటున్నారండి? దాని కింద ఇనప పట్టాలుంటాయండి. బురదుందా, గొయ్యుందా అని చూసుకోదండి అది."

"మరి రైతు ట్రాక్టరుతో లాక్కెళ్ళిన వీడియో?"

"డీజిలు అయిపోయుంటుందండి."

కొట్లో ఉన్న పదిమందీ "మరేనండి" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కడ అంతమంది ప్రాణాలకి తెగించి నిలబడితే, ఇక్కడ ఈయన ఒక్క డీజిలు మాటతో తీసిపారేస్తాడా?

"పదండి, చూపిస్తాను. మామయ్యగారి చెరువులు ఖాళీగానే ఉన్నాయి కదా. పైన పెచ్చు, కింద బురద. అచ్చం అక్కడి నేలే. ట్రాక్టరు దించి చూపిస్తాను!"

ఎవరైనా తెలివైనవాడు ఆపాలి కదా? ఆపలేదు. కొత్తల్లుడాయె. "అల్లుడు గారు ముచ్చటపడ్డారండి" అంటూ టీ కొట్టు టీ కొట్టంతా నా వెనకాల బయలుదేరింది.

మూడు చెరువుల్లోనూ రొయ్యలు పట్టేసి పది రోజులైంది. నీళ్ళు తోడేసి ఎండగట్టారు. పైన నేల బీటలు తీసి గట్టిగానే కనబడుతోంది. మొదటి చెరువు గట్టు మీద ధనరాజు గారున్నారు. మామగారి చెరువుల మంచీ చెడూ చూసేది ఆయనే. నా ఎత్తుగడ ఆయనకి వివరించాను. ముందు చక్రాలు రెండూ దించుతాను, కాస్త కూరుకోగానే రివర్సు గేరు వేసి వెనక్కి తీసేస్తాను. ఐదు నిమిషాల పని.

"ఇక్కడ కాకపోతే బాగుంటుందేమోనండి" అన్నారు ధనరాజు గారు తల గోక్కుంటూ.

"ఏం?"

"ఏం లేదండి. నిన్న గేదె దిగిందండి."

"దిగితే?"

"ఆరుగురం పట్టుకుని పైకి లాగేమండి, ఆయ్."

"అదేనండి నాక్కావలసింది!" అన్నాను.

"దమ్ము చక్రాలైనా కట్టుకుంటే…" అని ఆయన నసిగారు. ఊడుపు చేలల్లో టైర్లకి తగిలించే ఇనప చక్రాలన్నమాట. శత్రువులు కట్టుకొచ్చారా దమ్ము చక్రాలు? నేను వినలేదు. ఇంకొకచోటైతే ఈపాటికి నాలుగు తిట్టి నన్ను కిందకి దింపేవారు. ధనరాజు గారు "తమరి ఇష్టమండి" అని పక్కకి తప్పుకున్నారు.

గేరు వేశాను. గట్టు దిగింది. ముందు చక్రాలు పెచ్చు మీద రెండు గజాలు బాగానే నడిచాయి. మూడో గజంలో ఎవరో కింద నుంచి పట్టుకు లాగినట్టు ముందు భాగం కూరుకుపోయింది. ఆ బరువుకి వెనక చక్రాలు గట్టు మీద నుంచి జారి, అవీ దిగిపోయాయి.

"చూశారా! చూశారా! దిగబడింది!" అని సీటు మీద లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. సొంత మామగారి ట్రాక్టరు మునుగుతుంటే చప్పట్లు కొట్టిన అల్లుణ్ణి కాట్రేనికోన మండలం అంతకుముందు చూసి ఉండదు.

రివర్సు వేశాను. చక్రాలు ఉన్నచోటే గిరగిరా తిరిగి, గట్టు మీద పెద్దమనుషులందరి చొక్కాల మీదకీ నల్లబురద జల్లాయి. "పర్లేదండి, పర్లేదండి" అన్నారు వాళ్ళు మొహాలు తుడుచుకుంటూ. ఎక్సిలేటరు తొక్కేకొద్దీ బండి ఇంకా దిగిపోతోంది. చివరికి సైలెన్సరూ, స్టీరింగూ, నేనూ బాగా కనబడుతున్నాం, మిగతాది ఊహించుకోవాలి.

"ఒప్పుకుంటారా మరి?" అని అరిచాను, ఆ స్థితిలో కూడా.

"ఇది ట్రాక్టరండి" అన్నారు సుబేదారు గారు చొక్కా దులుపుకుంటూ. "టైర్లండి దీనికి. దిగబడక ఏం చేస్తాదండి? ట్యాంకైతే ఈపాటికి అవతలి గట్టెక్కేసేదండి."

అంటే ట్రాక్టరూ పోయింది, వాదమూ గెలవలేదు.

అప్పుడు ధనరాజు గారు చేతులు కట్టుకుని, "తమరు కంగారు పడనంటే ఒక మాట చెప్తానండి" అన్నారు.

"చెప్పండి."

"ఇవాళ అమావాస్యండి."

"అయితే?"

"సముద్రం పోటు గట్టిగా వస్తాదండి. తూము పలకలు పుచ్చిపోయాయని పొద్దున్నే వడ్రంగికిచ్చేమండి. ఇప్పుడు కాలవకీ చెరువుకీ మధ్య అడ్డేం లేదండి. పొద్దుగూకేసరికి ఇక్కడ నడుం లోతు ఉప్పునీళ్ళుంటాయండి, ఆయ్."

సీటు మీంచి బురదలోకి దూకేశాను. ఉప్పునీళ్ళు ఇంజన్లోకి పోతే ఆ బండి ఇక బండి కాదు. మామగారు ప్రాణంగా చూసుకునే బండి. "బస్తాలు వేసి ఆపలేమా?" అన్నాను ఏడుపు గొంతుతో. "అమావాస్య పోటండి, ఆగదండి" అన్నారాయన, సొంత తప్పు ఒప్పుకుంటున్నంత మర్యాదగా.

ఇక చూస్కోండి! కొబ్బరి మోకులు తెచ్చి పదిమంది లాగారు. మోకు తెగి పదిమందీ వెల్లకిలా పడ్డారు. చక్రాల కింద కొబ్బరి మట్టలు వేశాం. మట్టల్ని బురద మింగేసింది. ఇంకో ట్రాక్టరు తెద్దామంటే, "రెండోది కూడా దిగితే దాన్ని లాగడానికి మూడోది లేదండి ఊళ్ళో" అన్నారెవరో. మూడు గంటలయ్యేసరికి నేను మెడ దాకా నల్లబురద. ఇంతలో భోజనం క్యారేజీ పట్టుకుని సుజాత గట్టు మీదకి వచ్చింది. కింద నుంచి పైదాకా చూసింది నన్ను.

"ఏవండీ, మీరు ఆ దేశం పక్షమన్నారు కదా?"

"అవును."

"మరి బండేసుకుని మా నేల మీదకి దండెత్తి వచ్చేరేంటి?"

నిజమే! బాంబు లేదు, తుపాకీ లేదు, మా అత్తవారి ఊరి మట్టి తన పాటికి తానుండి నన్ను నిలబెట్టేసింది. అంత కష్టంలోనూ, ఏం మట్టిరా ఇది అని గర్వంగానే అనిపించింది నాకు.

అప్పటిదాకా గట్టు మీద అటూ ఇటూ పచార్లు చేస్తున్న సుబేదారు గారు ఇక ఆగలేకపోయారు. పంచె ఎగ్గట్టి బురదలోకి దిగారు. "తప్పుకోండి బాబూ! ఆ కొబ్బరి దుంగ ఇటు దొర్లించండి. గొలుసులు తీసుకురండి. దుంగని వెనక చక్రాలు రెంటికీ అడ్డంగా కట్టండి. అల్లుడు గారూ, మీరు సీటెక్కి మెల్లగా రివర్సులో పోనివ్వండి. చక్రం దుంగ మీదకెక్కుద్ది, బండి లేస్తాది."

అద్భుతం! చక్రం తిరిగింది, దుంగ కిందకెళ్ళింది, బండి కిర్రుమంటూ ఒక మూర లేచింది. ముందుకొచ్చిన దుంగని విప్పి మళ్ళీ వెనక కట్టాం. ఇంకో మూర.

"భలే కిటుకండీ!" అన్నాను.

"ఏటనుకున్నారండి?" అన్నారాయన మీసం మీద బురద తుడుచుకుని. "నలభై టన్నుల బండిని ఇలాగే తీసేవోళ్ళమండి. ప్రతీ ట్యాంకు వెనకాలా ఒక దుంగ కట్టుకునే తిరిగేవోళ్ళం."

నేను క్లచ్చి మీద కాలు పెట్టి బండి ఆపేశాను. "ఎందులోంచండీ తీసేవారు?"

ఆయన గొలుసు కేసి చూశారు. ఆకాశం కేసి చూశారు. గట్టు మీద పదిమందీ ఊపిరి బిగబట్టారు.

"…బురదలోంచేనండి" అన్నారు.

గట్టు మీద ఈలలు మోగిపోయాయి. సుజాత క్యారేజీ గిన్నెని గరిటెతో మోగించింది. ఆ దేశపు రైతులందరి తరఫునా నేను సీటు మీద నుంచి ఆయనకి సెల్యూట్ కొట్టాను. ఆయన కూడా నవ్వేసి తిరిగి కొట్టారు. "సరేనండి, నిలబడతారండి ఆళ్ళు. ఇక బండి పోనివ్వండి, పోటొచ్చేస్తంది" అన్నారు.

ట్రాక్టరు గట్టెక్కి రెండు నిమిషాలైందో లేదో, తూములోంచి నీళ్ళు గుడగుడమంటూ చెరువులోకొచ్చాయి. హమ్మయ్య అనుకునేలోపు గట్టు చివర మామగారి మోటారు సైకిలు ఆగింది.

ఆయన బండిని చూశారు. చెరువులో మేం కెలికిన గాడులు చూశారు. కళ్ళు తప్ప అంతా బురదగా ఉన్న నన్ను చూశారు. నిజం చెప్పేద్దామని నోరు తెరిచేలోపు సుబేదారు గారు ముందుకొచ్చారు.

"అల్లుడు గారు చెరువు కెలికించేరండి."

"పోటొచ్చేలోపు అవ్వాలన్నారండి" అన్నారు ధనరాజు గారు. "వద్దన్నా వినలేదండి, ఆయ్." అది మాత్రం అక్షరాలా నిజం.

అల్లుడి పరువంటే ఊరి పరువేనట. పదిమందీ ఒకేసారి తలలూపారు. మామగారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఇదేంటండీ అల్లుడు గారు! నీళ్ళొచ్చేముందు ఇలా కెలికితే కిందున్న నల్ల మడ్డంతా పోటుతో కొట్టుకుపోద్ది. ముప్పయ్యేళ్ళ నుంచి చెరువులు చేస్తున్నాను, నాకు తట్టలేదండి! మా అల్లుడు కాగితం తప్ప మట్టి ముట్టుకోడని ఊళ్ళో ఎవరైనా అంటే ఇకనుంచి చెప్తానండి ఆళ్ళ పని." నా బురద భుజం మీద చెయ్యేసి అందరి వైపూ చూశారు, గెలిచిన ఎమ్మెల్యేలాగా. తర్వాత నెమ్మదిగా అన్నారు. "రేపు పాడ్యమి పోటు కూడా గట్టిదేనండి. మిగతా రెండు చెరువులూ ఖాళీగానే ఉన్నాయి. దమ్ము చక్రాలు కట్టించేస్తాను. పొద్దున్న ఐదింటికి మొదలెట్టేద్దామా?"

నేను దిక్కులేనివాడిలా సుజాత వైపు చూశాను.

"మొదలెట్టేస్తారు నాన్నా" అంది ఆ మహాతల్లి. "ఆయనకి చెరువంటే ఎంత సరదానో!"

మర్నాడు రెండు చెరువులూ కెలికాను. వారం రోజులు కూర్చోలేకపోయాను.

అందుకని, పాఠక మహాశయులారా, కాట్రేనికోన నల్లబురద మీద ఒట్టేసి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్ళీ పరాయి నేల మీదకి పిలవని పేరంటంగా బండి తోలను. దండెత్తి వచ్చినవాణ్ణి ఆపుతున్న వాళ్ళని చూసి గర్వపడాలనిపిస్తే కుర్చీలో కూర్చునే గర్వపడతాను. ఒక్క మనవి. ఇది మా మామగారి కంట పడనివ్వకండి. ఆయన ఆ రోజు సంగతి ఇప్పటికీ ఊరందరికీ గొప్పగా చెప్పుకుంటున్నారు.