పక్కింటావిడకి పాకం రాదనుకున్నాం

ఆ రోజుల్లో అని మొదలుపెట్టడానికి నా జుట్టింకా నెరవలేదు. అయినా యూనివర్సిటీ చదువు అయిపోయి, ఉద్యోగం రాక, నగరం శివారు కెల్లీవిల్‌లో అమ్మా నాన్నల ఇంట్లో ఫ్రిజ్ తలుపు తీసి వేస్తూ గడిపిన ఆ కొద్ది నెలలూ నాకు ఏదో పూర్వయుగంలాగే తోస్తాయి. అప్పట్లో నాకొక సిద్ధాంతం ఉండేది. ఎంత ఘోరమైన సంగతినైనా ఒక్క జోకుతో పొడిస్తే గాలిపోయిన బెలూన్‌లా కింద పడుతుందని. (నన్ను ఇంటర్వ్యూ చేసినవాళ్ళకి ఈ సిద్ధాంతం పెద్దగా నచ్చినట్టు లేదు.) ఆ సిద్ధాంతం మంచి ఊపులో ఉండగా, ఒక ముసురు పట్టిన శీతాకాలపు వారంలో పక్కింటావిడ పోయారు.

వాళ్ళు స్కాట్లాండ్ నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన ముసలి దంపతులు. ఆవిడ ఏటా క్రిస్మస్‌కి ఒక బిస్కెట్ డబ్బా నిండా టాబ్లెట్ చేసి మాకు పంపేవారు. మందుబిళ్ళ కాదండీ; పంచదార, వెన్న, కండెన్స్‌డ్ మిల్క్ కలిపి ఉడికించి ముక్కలుగా కోసే వాళ్ళ ఊరి మిఠాయి పేరే అది. చూడడానికి పాలకోవా బిళ్ళలా ఉంటుంది. పంటికింద మాత్రం సన్నగా, ఇసకలా పొడిపొడిగా విరుగుతుంది. మూడో ముక్కకి డెంటిస్ట్ గుర్తొస్తాడు. డబ్బా ఖాళీగా తిరిగివ్వకూడదని అమ్మ సున్నుండలు పెట్టి పంపేది. పంపి, తలుపు వేశాక, ఏటా ఒకే మాట అనేది: "బంగారంలాంటి మనిషి. పాకం ఒక్కటే రాదు పాపం. ఎప్పుడూ పలుకు పట్టేస్తుంది. చెప్తే బాగుండదు."

అంత్యక్రియలకి ముందు రోజు మధ్యాహ్నం పక్కింటి అంకుల్ మా తలుపు కొట్టారు. (పేరు పెట్టి పిలవమని ఆయన ఎన్నిసార్లు చెప్పినా నా నోటికి అంకులే వచ్చేది.) చేతిలో అడుగంతా నల్లగా మాడిపోయిన గిన్నె ఉంది.

"అంకుల్, ముందు దీన్ని పూడ్చిపెట్టాలి," అన్నాను. అమ్మ నా కాలు తొక్కింది.

ఆయన గిన్నెకేసి చూసి, "అవును. నేను మాడ్చినవాటిలో ఇది రెండోది," అన్నారు.

తెలిసినవాళ్ళలో ఎవరు పోయినా, చర్చిలో కార్యక్రమం అయ్యాక అందరూ కూర్చుని టీ తాగే చోటికి ఆవిడ టాబ్లెట్ చేసి పట్టుకెళ్ళేవారట. "అందరి చావులకీ తనే చేసింది. రేపు తన కోసం వచ్చినవాళ్ళకి నేను షాపు బిస్కెట్లు పెట్టాలా?" అన్నారాయన. ఆవిడ చేస్తున్నప్పుడు ఆయన ఒక్కసారీ వంటింట్లో లేరట, పక్కగదిలో టీవీ ముందు ఉండేవారట. "మీకు పంచదార సంగతులు తెలుసు కదా," అన్నారు అమ్మతో.

అమ్మ నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళింది. "మైల ఇంట్లో స్వీట్ చేస్తారట్రా ఎవరైనా? పొయ్యి మీద మూకుడే పెట్టం కదరా!"

"మనం పెట్టం. వాళ్ళు పెడతారు. స్టవ్ కూడా వాళ్ళదే."

"నేనెళ్ళి అక్కడ పాకం పట్టానంటే మీ అమ్మమ్మ ఊరుకుంటుందా?"

"అమ్మమ్మకి ఫోన్లో ఏం చెప్పినా వినపడదుగా."

"నీకన్నీ నవ్వులాటే! ఆ మనిషి మొహం చూడు. హౌ కెన్ ఐ సే నో?"

ఈ చర్చలోకి తనని లాగుతారని భయపడ్డారో ఏమో, నాన్న వెనక పెరట్లో అప్పటికే కోసిన గడ్డిని మళ్ళీ కోయడం మొదలుపెట్టారు.

చివరికి అమ్మే ఒక రాజీమార్గం కనిపెట్టింది. ఆయన వంటింట్లో, ఆయన పంచదారతో, నా చేతులతో పాకం పట్టాలి. తను గడప దాటదు. పెరటి గుమ్మం బయట, దోమల జాలీ తలుపు అవతల నిలబడి చెబుతుంది. అలా నేను, డిగ్రీ పట్టా ఉన్నవాణ్ణి, చావింట్లో గరిటె పట్టుకుని నిలబడ్డాను. "తిప్పు. ఆపకురా, అడుగంటుతోంది, వాసన రావట్లా? భుజం కాదు, మణికట్టు తిప్పు." బయట చినుకులు పడుతున్నాయి, అమ్మ గొడుగు వేసుకుంది, మైల సంగతి మాత్రం వదల్లేదు. చల్లటి నీళ్ళలో ఒక చుక్క వేయించింది. వేళ్ళ మధ్య మెత్తటి ఉండ అయింది. "ఆఁ, ఇప్పుడు రెండు చుక్కలు నిమ్మరసం పిండు. ఈసారన్నా పలుకు పట్టకూడదు. పాపం, ఆవిడ ఆఖరి స్వీటు," అంది. పోయినావిడకి ఇన్నేళ్ళూ చెయ్యలేకపోయిన సాయం ఇప్పుడన్నా చేస్తున్నానని అమ్మ మనసులో ఉన్నట్టుంది.

పళ్ళెంలో పోశాం. అద్దంలా మెరిసింది. ఎంతసేపటికీ గట్టిపడదే! జీడిలా సాగుతూ కూర్చుంది. అంకుల్ చెంచాతో కొంచెం తీసుకుని నోట్లో పెట్టుకున్నారు. "చాలా బాగుంది," అన్నారు మర్యాదగా. తర్వాత కుర్చీలో కూర్చుండిపోయారు. "తనది కాదు."

"వాట్ హ్యాపెండ్?" అంది అమ్మ జాలీ అవతల్నించి.

"తనది ఇసకలా ఉండేది. సన్నటి ఇసక."

"అది పాకం చెడిపోతే కదా!" అమ్మ ముందు తెలుగులో అనేసి, ఇక దాచి లాభం లేదనుకుని ఇంగ్లీషులోనూ అనేసింది.

ఆయన చెంచా పళ్ళెంలో పెట్టారు. "అయితే పెళ్ళయిన దగ్గర్నుంచీ నాకు చెడిపోయిందే పెట్టిందన్నమాట," అన్నారు. నేను నవ్వబోయి ఆయన మొహం చూసి ఆగాను. జాలీ వెనక అమ్మ నాకు మాత్రమే వినపడేలా, "అంటే... అది అలాగే ఉండాలా?" అంది.

మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి నిమ్మకాయ లేదు. ఉండపాకం అయ్యాక గిన్నె దించమన్నారు అంకుల్. దించాక ఆవిడ చాలాసేపు గరిటెతో బాదేవారని, ఆ చప్పుడు టీవీకి అడ్డమని తను విసుక్కునేవారనీ చెప్పారు. బాదాను. కొంతసేపటికి నా చెయ్యి ఇంటర్వ్యూకి వెళ్ళిన నాలుకలా మొద్దుబారిపోయింది. ఆయన అందుకున్నారు. ఆయన చేతిలో గరిటె గిన్నె అంచుకి తగులుతూ టకటకలాడింది, పాకం కదల్లేదు. చీకటి పడుతోంది. పంచదార ఇంకో విడతకి లేదు.

జాలీ తలుపు కిర్రుమంది. అమ్మ చెప్పులు గడప అవతల విడిచి, గొడుగు మూసి గోడకి ఆనించి, లోపలికి వచ్చింది. ఆయన చేతిలోంచి గరిటె తీసుకుంది. గిన్నెని పొట్టకి ఆనించుకుని బాదడం మొదలుపెట్టింది. మొదట చప్ చప్ మని మెత్తగా, తర్వాత బరువుగా, తర్వాత ఎక్కడో గచ్చు మీద ఇసక రాసుకున్నట్టు గరగరమని.

"అదే!" అంకుల్ లేచి నిలబడ్డారు. "ఆ చప్పుడే. ఇప్పుడే పొయ్యాలి. ఇది వినపడగానే తను బాదడం ఆపేసేది."

పోసింది. కళ్ళెదుటే గట్టిపడింది. గీతలు పెట్టి, చల్లారాక ఆయన ఒక మూల విరిచి నోట్లో వేసుకున్నారు.

"ఇసక సరిపోయిందా అంకుల్?" అన్నాను, సిద్ధాంతం ప్రకారం.

ఆయన తలూపారు. గోడవైపు తిరిగి చాలాసేపు నమిలారు. అంత చిన్న ముక్క అంతసేపు నమలాల్సింది కాదు.

మర్నాడు చర్చి హాల్లో టీ దగ్గర ఆయన ఆ ప్లేటుని ముందుగా అమ్మ దగ్గరికే తెచ్చారు. చావుకి వెళ్ళినచోట మంచినీళ్ళు కూడా ముట్టని మా అమ్మ ఒక ముక్క తీసుకుంది, నోట్లో పెట్టుకుంది. ఆయన వెళ్ళాక నాతో మెల్లగా అంది: "ఇన్నేళ్ళూ ఆవిడకి పాకం రాదనుకున్నాను రా."

"ఆవిడతో అనలేదుగా, పర్లేదులే."

"అనుంటే బాగుండేది. పగలబడి నవ్వేది."



ఇప్పుడు వేరే ఊళ్ళో, గంగాలిన్‌లో అద్దె ఇంట్లో ఉంటూ, ఉద్యోగం చేస్తూ, అప్పుడప్పుడు ఆ మిఠాయి చేస్తుంటాను. ఆఫీసులో ఎవరింట్లోనైనా మనిషి పోతే పట్టుకెళ్తాను. ఏమనాలో తోచదు. చేతిలో పెట్టి, పక్కన ఊరికే నిలబడతాను. నేను అంతసేపు నోరు మూసుకుని నిలబడగలనని చెబితే ఆ కెల్లీవిల్ కుర్రాడు నమ్మడు, సోఫా మీద దొర్లి దొర్లి నవ్వుతాడు. నవ్వుకోనీ. పనిలేనివాడు, ఇంకేం చేస్తాడు.