అడ్డం పెట్టిన చెయ్యి

ఇంట్లో ఫోను తెరిచినా సరే, పరిశోధకురాలు ఎడమ చెయ్యి అడ్డం పెట్టుకునే పిన్ నొక్కుతుంది. "నేను చూస్తే నీ సొమ్మేం పోతుందే?" అని అక్క దెప్పినా ఆ చెయ్యి తియ్యదు. క్రెడిట్ కార్డుల భద్రతలో లోపాల కోసం ఏళ్ల తరబడి తల బద్దలు కొట్టుకుంటున్న మనిషి మరి. ఆమె థీసిస్‌లో ఆ లోపాల గురించి రాసిన ఒక అధ్యాయం తీసేయించాలని బ్యాంకు అధికారి స్వయంగా ల్యాబుకు వచ్చాడు.

"మా కార్డులకు ఢోకా లేదమ్మా. ఊరికే జనాన్ని బెదరగొట్టకండి."

ఆమె వాదనకు దిగలేదు. వైర్లు వేలాడే తన పరికరాన్ని కార్డు మెషీనుకు తగిలించి, ఆయన కార్డే అడిగి ఆ పరికరంలో పెట్టింది.

"మీ పిన్ వద్దు. తోచిన తప్పు నంబరేదో నొక్కండి."

ఆయన అరచెయ్యి అడ్డం పెట్టుకుని మరీ నొక్కాడు. పిన్ సరిపోయిందని మెషీను చూపించింది.

"ఇక ఆ చెయ్యి తీసెయ్యండి సార్," అందామె. "అధ్యాయం మాత్రం నేను తియ్యను."