మ్యూజియం తోటలో అమ్మ

కంటి ఆపరేషన్ అయ్యాక మళ్లీ చూపించడానికి అమ్మను అనంతపురం తీసుకొచ్చాను. డాక్టరు అంతా బాగుందన్నాడు. మా ఊరు గుమ్మఘట్ట వెళ్లే బస్సుకు టైముందని దగ్గర్లోని మ్యూజియం తోటకు వెళ్లాం.

భూమ్మీద ప్రాణులు ఎలా మారుతూ వచ్చాయో చూపించే సిమెంటు బొమ్మలు దారి పొడవునా ఉన్నాయి. చేప, కప్ప దాటాక పెద్ద డైనోసార్. అమ్మ నల్లద్దాలు ఎత్తి దాన్ని తేరిపార చూసింది.

"ఇవి ఇప్పుడు యాడుండాయి?"

"లేవుమా. ఎప్పుడో చచ్చిపోయినాయి."

"పాపం, వానల్లేకనా?"

"ఆకాశం నుంచి పెద్ద రాయి పడిందంట. చెట్లన్నీ పోయి, మేత దొరకలేదంట."

"మేత లేకనా..." అంది అమ్మ. కరువులో మా ఎద్దుల్ని సంతకు తోలిన రోజు ఆమె అన్నం ముట్టలేదు.

బొమ్మ పక్కన పిట్టల కోసం పెట్టిన మట్టి మూకుడు ఎండిపోయి ఉంది. ఒక ఉడత వచ్చి, దాని అంచు నాకి వెళ్లిపోయింది. అమ్మ మా సీసాలోని నీళ్లన్నీ అందులో పోసేసింది.

"దావలో మనకొద్దా?" అన్నాను.

"మనం ఎవురినైనా అడిగి తాగుతాం. అది ఎవుర్ని అడుగుతాది?"

ఉడత తిరిగొచ్చి తాగేదాకా అమ్మ అక్కణ్నుంచి కదల్లేదు. ఈలోగా మా బస్సు వెళ్లిపోయింది. నాకెందుకో విసుగు రాలేదు. బస్టాండులో టీ తాగుతూ తర్వాతి బస్సు కోసం కూర్చున్నాం.