రొట్టెల డబ్బాలో గ్రీకు కూర

పాపకు అప్పుడు రెండేళ్ళు దాటాయి. జ్వరం తగ్గింది కానీ తిండి మీదికి మనసు మళ్ళలేదు. పప్పన్నం పెడితే బుగ్గలో దాచుకుని, నేను అటు తిరగగానే ఉమ్మేసేది. వనపర్తిలో మేము చూపించుకునే పిల్లల డాక్టరు తూకం చూసి, వచ్చే వారానికి కొంచెమైనా పెరగకపోతే మహబూబ్‌నగర్ తీసుకెళ్ళి పరీక్షలు చేయించమన్నాడు. ఏం పరీక్షలో చెప్పలేదు. ఆయన చెప్పనివన్నీ నేను ఊహించుకున్నాను. డిగ్రీలో జువాలజీ చదివినందుకు నాకు రోగాల పేర్లు మాత్రం బాగా తెలుసు.

గింజలు, పప్పులు పెట్టమని కూడా అన్నాడాయన. ఆ మాట పట్టుకుని తిరుగుతుండగా ఒక మధ్యాహ్నం టీవీలో గ్రీకు దేశపు కూర చూపించారు. పెద్ద పెద్ద తెల్ల చిక్కుడు గింజల్ని ఉల్లి, వెల్లుల్లి, టొమాటో గుజ్జులో కలిపి, పైన ఎర్రబడేదాకా ఓవెన్‌లో కాల్చారు. దీన్ని క్యాసరోల్ అంటారని చెప్పింది వండినావిడ. చివర్లో ఒక పిల్లవాడు చెంచాతో తింటూ కనిపించాడు. కూర కంటే ఆ పిల్లవాడి బుగ్గలే నాకు ఎక్కువ గుర్తుండిపోయాయి.

అంత పెద్ద తెల్ల గింజలు మా దగ్గర దొరకవు. బిజినేపల్లి దగ్గర మా చేనులో జొన్నల మధ్య వేసిన అనుములు ఇంట్లో ఉన్నాయి. అవీ చిక్కుడు జాతే కదా అని నానబెట్టాను. ఆలివ్ నూనె మందుల దుకాణంలో చిన్న సీసాలో దొరికింది. దాన్ని చూసి మా అత్తమ్మ నడుమ్మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏంది పిల్లా, పొల్లకు రుద్దే నూనె కూరల పోస్తవా?"

"గ్రీకు దేశంల దీంతోనే వండుతరంట అత్తమ్మా."

"మరి గా దేశంల పోరగాండ్లకు ఏం రుద్దుతరంట?"

సీసా పాప కాళ్ళకే పోయింది. కూర పల్లినూనెతో మొదలుపెట్టాను.

అనుములు కుక్కర్లో ఉడికాక ఒక్కొక్క గింజనూ వేళ్ళతో నొక్కి చూశాను. సరిగా ఉడకని గింజ పిల్ల కడుపులో ఏం చేస్తుందోనని భయం. ఉల్లి, వెల్లుల్లి మెత్తగా మగ్గించి, టొమాటోలు వేసి గుజ్జయ్యేదాకా కలిపాను. టీవీలో ఆవిడ సన్నటి ఆకు ఏదో చల్లింది. చూడటానికి మన సోయకూరలాగే ఉంది కాబట్టి అదే తరిగి వేశాను. ఓవెన్ ఎలాగూ లేదు. మందపాటి గిన్నెలో పోసి, పెరట్లో పొయ్యి మీద పెట్టి, మూత మీద నిప్పులు వేద్దామనుకున్నాను. గింజలు గుజ్జులో కలిపానో లేదో, పాప లేచి ఏడ్చింది.

"అత్తమ్మా, ఇగ క్యాసరోల్ చెయ్యాలె. జర చూస్తుండు, వస్త," అని లోపలికి పరిగెత్తాను.

పాపకు స్నానం చేయించి వచ్చేసరికి పొయ్యి మీద ఏమీ లేదు. అత్తమ్మ చేతులు కడుక్కుంటోంది.

"కూరేది?"

"క్యాసరోల్ల పెట్టిన."

మా ఇంట్లోనే కాదు, మా వీధి మొత్తంలో క్యాసరోల్ అంటే రొట్టెలు చల్లారకుండా దాచే ప్లాస్టిక్ డబ్బా. మా పెళ్ళికి మూడు వచ్చాయి, మూడింటి మీదా ఒకే గులాబీ పువ్వు.

"అత్తమ్మా, క్యాసరోల్ అంటే కూర పేరు."

"కూర పేరు డబ్బాకెట్ల పెడ్తరు? రేపు చెంబును సూపి చారంటవా?"

"పైన ఎర్రగ కాలాలె గది. మూత పెడితే ఎట్ల కాలుతది?"

"నాకేం తెల్సు. నూనె మరక పడ్తె పోదని అడుగున పొద్దుగాల్టి జొన్నరొట్టె పరిచి పోసిన. పరేషాన్ గాకు, తినెటోల్లకు కడుపులకే పోతది."

నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. నిజం చెప్పాలంటే ఏడుపొచ్చింది. టీవీలో చూసినట్టు సరిగ్గా చేస్తే తప్ప పాప తినదని నాకు నేనే ఒక లెక్క వేసుకున్నాను.

పాపకు ఆ డబ్బా మూత అంటే ఇష్టం. తిప్పితే టక్కుమంటుంది. గబగబా వెళ్ళి డబ్బాను ఒళ్ళోకి లాక్కుంది. మూత రాక నా వైపు చూసింది. తిప్పి ఇచ్చాను. ఆవిరి, సోయకూర వాసన బయటికొచ్చాయి. మూతబడి ఇంతసేపు ఉన్నందుకు గింజలు ఇంకా మెత్తబడ్డాయి, అడుగున రొట్టె టొమాటో రసమంతా పీల్చుకుని హల్వాలా జారుతోంది. పాప జొన్నరొట్టె నమలలేక ఎప్పుడూ విసిరికొట్టేది. ఇప్పుడు డబ్బా అంచున ఉబ్బిన ఆ రొట్టె ముక్కను వేళ్ళతో లాగి నోట్లో పెట్టుకుంది. నా కళ్ళు పాప బుగ్గ మీదే ఉన్నాయి.

అత్తమ్మ నా మోచెయ్యి గిల్లింది.

"గట్ల సూడకు. దిష్టి తగుల్తది. అటు తిరుగు."

ఇద్దరం పెరటి వైపు తిరిగి కూర్చున్నాం. అక్కడ ఆరేసిన బట్టలు తప్ప ఏమీ లేవు. వాటినే శ్రద్ధగా చూశాం. వెనకాల చప్పరింపులు వినబడుతున్నాయి. ఉమ్మిన చప్పుడు ఎప్పుడొస్తుందా అని చెవులు రిక్కించాను. రాలేదు. కాసేపటికి "ఇంకా" అన్న మాట వచ్చింది. అత్తమ్మ అప్పటికీ తల తిప్పలేదు, చెంగుతో ముక్కు తుడుచుకుంది.

ఆ వారం మా ఇంట్లో రోజూ అదే. అడుగున రొట్టె, పైన అనుములు, మూత. ఒక్క గింజ కూడా ఎర్రగా కాలలేదు.

దవాఖానలో తూకం ముల్లు పోయినసారి కంటే కొంచెం ముందుకెళ్ళి ఆగింది. డాక్టరు మహబూబ్‌నగర్ మాట ఎత్తలేదు.

"ఏం పెడుతున్నరమ్మా?"

"క్యాసరోల్ సార్," అన్నాను.

"అది సరే. దాంట్ల ఏం పెడుతున్నరు?"

నేను నోరు తెరిచేలోపు అత్తమ్మ పాపను చంకకెత్తుకుని, నా వైపు చూసి నవ్వింది.

"సూసినవా, సారుక్కూడ డబ్బానే."