క్యాలెండరు మేకపోతు

మొన్న ఆత్మకూరులో కళ్ళ డాక్టరు దగ్గర కూర్చుని ఉంటే, పక్కన ఒక బడిపిల్ల ఫోను ఒళ్ళో పెట్టుకుని, చేతులు రెండూ కాగితంలో ఇరుక్కున్నందువల్ల వీడియోను మోచేత్తో ఆపుకుంటూ, మళ్ళీ మోచేత్తోనే నడుపుకుంటూ కాగితపు కొంగను మడుస్తోంది. నా కళ్ళలో అప్పుడే చుక్కలు వేశారు కాబట్టి, నీళ్ళు కారడం చూసి ఎవరైనా ఇంకేదైనా అనుకుని ఉంటే నా పూచీ లేదు.

తొంభైల్లో నేను ఉదయగిరి నుంచి రోజూ బస్సులో ఆత్మకూరు వచ్చి ఒక జిరాక్సు అంగట్లో పనిచేసేవాణ్ణి. మిషన్ ఆసుపత్రికి వచ్చిన ఒక దొరసాని ఏదో కాగితం కాపీ తీయించుకుంటే, మసగ్గా వచ్చిన మొదటి కాపీ మా చెత్తబుట్టలో మిగిలింది. చదరం నిండా గీతలు, మూలన ఆరు కాళ్ళ పేడపురుగు బొమ్మ, అంతే. ముందు ఇది మడువు, తర్వాత అది మడువు అని ఎక్కడా లేదు. ఇల్లు కట్టేవాడెవడో మతి చలించి గీసిన ప్లాను అనుకుని, లెక్కల డిగ్రీ చదివి ప్రైవేటు బళ్ళో చెబుతున్న మా అన్నకు తెచ్చి ఇచ్చాను. అన్న దాన్ని వారం రోజులు చూసి, పురుగును మడిచి మళ్ళీ విప్పేస్తే కాగితం మీద మిగిలే మడతలే ఈ గీతలని తేల్చాడు. నిండుగీత పైకి లేచే మడత, చుక్కలగీత కిందికి దిగే మడత. మాది మెట్ట సేద్యమే అయినా వాటికి గట్టు, కాలువ అని పేర్లు పెట్టాడు. మా చేలో ఎన్నడూ పారని కాలువలన్నీ ఆ కాగితంలో పారాయి. ఎండాకాలం పోయేసరికి పురుగు తయారైంది. ఇంట్లో పురుగులకు కొరత లేనందువల్ల ఎవరూ పెద్దగా సంతోషించలేదు.

ఆ వానాకాలంలో నాయన చనిపోయాడు. పొద్దున మేకలను తోలుకుపోయిన మనిషిని మధ్యాహ్నం మంచం మీద తెచ్చారు. నాయనకు మేకలే లోకం. గుడికి ఆలస్యంగా వచ్చినప్పుడల్లా పాస్టరుగారితో, “ఏం జెయ్యమంటారయ్యా, మేకలకు ఆదివారం తెలవదు” అనేవాడు. సమాధి మీద మట్టి వేసి వచ్చిన దగ్గర్నుంచి అన్న ఏడవలేదు, ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. పెట్టింది తిన్నాడు, బడికి పోయి పాఠం చెప్పి వచ్చాడు. ఓదార్పు ప్రార్థనకని ఇంట్లో పెట్టిన ఆదరణ కూడికలో అందరూ కళ్ళు తుడుచుకుంటుంటే అన్న ఫ్యాను రెక్కలను చూస్తూ కూర్చున్నాడు. నేను మాత్రం వచ్చినవాళ్ళకు టీలు అందిస్తూ, అలవాటు కొద్దీ జోకులు వేస్తూ తిరిగాను. ఇంటి లోపల ఏదో తిమ్మిరెక్కినట్టుండేది, గిల్లినా తెలిసేది కాదు.

ఒకరోజు అమ్మ నన్ను దొడ్లోకి పిలిచింది. “ఒరే, వాణ్ణి జూస్తే నాకు బయంగా ఉండాది. ఊరందర్నీ నవ్విస్తావు గదా. వాణ్ణి నవ్విస్తావో ఏడిపిస్తావో, ఏదో ఒకటి జెయ్యరా.”

నవ్వించడానికి నా దగ్గరున్న సరుకంతా వాడాను. గోడకు చెప్పినట్టే ఉంది. అన్న మాత్రం బడి నుంచి రాగానే ఒక పాత క్యాలెండరు కాగితం వెనక వైపు గీతలు గీయడం మొదలుపెట్టాడు. ఈసారి ఎవరి ప్లానూ కాదు, సొంతం. సన్నగా ఒక కాలు రావాలన్నా కాగితంలో గుండ్రంగా కొంత చోటు దానికి వదలాలని తర్వాతెప్పుడో చెప్పాడు. అందుకని కాళ్ళకు నాలుగు గ్లాసులు, కొమ్ములకు రెండు సీసా మూతలు బోర్లించి చుట్టూ గీశాడు. “ఏందన్నా, హోటలు పెడతా ఉండావా?” అంటే రెండో మూత బోర్లించాడు. గ్లాసులు కనబడక అమ్మ పొయ్యి దగ్గర వెతుక్కుంటోంది.

ఒక శనివారం మధ్యాహ్నం తనే పిలిచాడు. గీతలన్నీ విడివిడిగా మడిచి పెట్టుకున్నాక, చివర అన్నీ ఒక్కసారే కలిసి మూసుకోవాలి. దానికి రెండు చేతులు చాలవు.

“ఆ పక్క పట్టుకో. గట్లు పైకి, కాలవలు కిందికి. నే జెప్పిందాకా వొదలబాక.”

చాలా రోజులకు అన్న మాతో మాట్లాడిన మాటలు అవే. నేను ఊపిరి బిగబట్టి పట్టుకున్నాను. కాగితం మొదట మొరాయించింది, తర్వాత దానంతట అదే లోపలికి ముడుచుకుంటూ వచ్చింది. కాళ్ళు, మెడ, వెనక్కి వంగిన కొమ్ములు. నాయన మేకపోతే. కాకపోతే గీతలు తెల్లవైపు గీసినందువల్ల ఆ తెల్లదంతా లోపలికి పోయి, అచ్చు ఉన్న వైపు బయటికి తేలింది. లెక్కల మాస్టరుకు ఆ లెక్క తోచలేదు. పోతు ఒళ్ళంతా తేదీలు, డొక్క మీద వరసగా ఎర్ర అంకెలు. అది నాయన పోయిన నెల కాగితమని అప్పుడు చూశాను. ఆ తేదీ ఎక్కడ పడిందో నేను వెతకలేదు.

ఏదో ఒకటి అనబోయాను. అన్నే ముందు అందుకున్నాడు.

“దీనికి తెలుసు గదరా, ఆదివారం.”

నవ్వాడు. నవ్వు మధ్యలోనే గొంతు మారిపోయింది. అమ్మ పొయ్యి వదిలేసి పరుగున వచ్చి అన్న తలను ఒళ్ళో పెట్టుకుంది. ఇద్దరూ ఎంతసేపు ఏడ్చారో తెలియదు. వదలమని అన్న చెప్పలేదు కాబట్టి నేను మేకపోతును పట్టుకునే కూర్చున్నాను. అమ్మ అడిగిన రెండు పనులూ ఒకే దెబ్బకు అయిపోయాయి కదా అని మనసులో లెక్క వేసుకున్నానే గానీ, నాకు ఏడుపు రాలేదు.

ఇప్పుడు ఆ గీతలు కంప్యూటరే వేసి ఇస్తుందట, అన్న చెబుతాడు. అవతలి పక్క పట్టుకోమని ఎవరూ ఎవరినీ పిలవనక్కర్లేదు. అమ్మ వెళ్ళిపోయి చాలా ఏళ్ళైంది. మా వైపు ఎవరింట్లో మనిషి పోయినా మూడో రోజుకు నాకు కబురు వస్తుంది, నేను వస్తే ఇల్లు కాస్త తేలికపడుతుందని. వెళ్తాను, నవ్విస్తాను, టీ తాగి వస్తాను. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు మాత్రం అప్పుడప్పుడూ అనిపిస్తుంది, ఆ రోజు దొడ్లోకి పిలిచి నా గురించి కూడా అదే మాట అమ్మ ఎవరికి చెప్పి ఉండాల్సిందా అని. అప్పటికి ఇంట్లో ఇంకెవరూ లేరు.