బీరువాలో ఉండిపోయిన పలకలు

ఈ సంగతి నా భార్యకు కూడా చెప్పలేదు. ఇన్నేళ్లుగా మింగలేక కక్కలేక మోస్తున్నాను. ముఖం తెలియని మీకైతే చెప్పగలనేమో. అందుకే రాస్తున్నాను.

ఆళ్లగడ్డ దగ్గర ఒక పల్లె బడిలో హెడ్మాస్టరుగా చేశాను. మూడో తరగతిలో సువార్త అనే పిల్ల ఉండేది. చూపు లేదు. వాళ్ల నాయన పసుపు చేలల్లో కూలికి పోయేవాడు. ఆ పిల్ల కోసమే నంద్యాల నుంచి ఒక పెట్టె వచ్చింది. వేలితో తడిమి చదివే బ్రెయిలీ పలకలు, కొండలూ ఏర్లూ చేతికి తగిలే పటం. రోజూ ఇవ్వండి సార్, వేళ్లకు అలవాటు కావాలి అని తెచ్చినాయన మరీ మరీ చెప్పి పోయాడు.

నేను బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఎందుకు? పిల్లలు విరగ్గొడితే జవాబు చెప్పాల్సింది నేను. మా బళ్లలో అంతే. కొత్త వస్తువు వస్తే ప్లాస్టిక్ కవరు కూడా తీయం, తనిఖీ రోజు మెరుస్తూ కనపడాలి కదా. అందరూ చేసేదేగా అని నాకు నేను ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో. అందరి బళ్లలోనూ సువార్త ఉందా? లేదు. నా బళ్లో ఉంది.

తనిఖీ రోజు పొద్దున మాత్రం పెట్టె తీసి ఆ పిల్ల ముందు పెట్టాను. పటం మీద గరుకుగా తగిలేది ఏందని అడిగింది. నల్లమల అన్నాను. ఊరంతా రోజూ చూసే కొండ తనకు అందడం అదే మొదలు. ఇంత పొడుగుందా అని వేలు అటూ ఇటూ నడిపి నవ్వింది. నాకేమో తొందర. ఆఫీసరు అడిగితే పెట్టె రోజూ ఇస్తారని చెప్పమన్నాను. తడబడకుండా చెప్పింది. ఆయన నా భుజం తట్టి పోయాడు.

జీపు కదలగానే అన్నీ సర్ది లోపల పెడుతుంటే ఆ పిల్ల బీరువా తలుపు పట్టుకుని నిలబడింది.

“సార్, ఆఫీసర్లు మళ్లా ఎప్పుడొస్తారు సార్?”

“ఏంటికి పాపా?”

“వాళ్లొస్తేనే గదా పెట్టె తీస్తారు.”

“పో పో, ఆడ అన్నం పెడతాండారు.”

సిగ్గు వేయలేదా అంటారేమో. వేసింది. తాళం మాత్రం తీయలేదు.

ఐదో తరగతి అయ్యాక వాళ్ల నాయన ఆ పిల్లను నంద్యాలలో చూపులేని పిల్లల హాస్టలు బడికి తీసుకుపోయాడు. కింది తరగతుల్లో ఖాళీ లేదు, ఆరులో చేరాలంటే చేత్తో చదవడం రావాలి అని తిప్పి పంపారు. ఆయన తిన్నగా నా దగ్గరికొచ్చి, ఇట్లంటాండారేంది సార్ అని అడిగాడు. నా అసలు పాపం అక్కడుంది. ఎంత చెప్పినా నీ బిడ్డ బుర్రకెక్కదప్పా, ఏం చేద్దాం అన్నాను. పిల్ల పక్కనే ఉంది. కళ్లు లేకపోతే చెవులు కూడా ఉండవనుకున్నానా? పెట్టె సంగతి తను నాయనకు అక్కడే చెప్పేయగలిగేది. చెప్పలేదు. సారు అన్నాడంటే నిజమే అయివుంటుందనుకుందేమో. దాంతో ఆ పిల్ల చదువు ఆగిపోయింది.

మొన్న ఆళ్లగడ్డ బస్టాండులో సీటు కోసం నేను ఎవరితోనో గట్టిగా గొడవపడుతుంటే, మా సార్ గొంతే అని వెనక నుంచి వినపడింది. సువార్త. చంకలో బిడ్డ. పక్కనున్న ఆడమనిషితో నా గురించి చెబుతోంది.

“సార్ బాగనే చెప్తాండె. నేనే మొద్దు, నాకే రాలే.”

నోరు తెరిచాను. బాగుండావా అమ్మా అని మాత్రం అడిగి బస్సెక్కాను. నల్లమల కనపడినంత సేపూ కిటికీ వైపు తిరగలేదు. వెధవ బతుకు.

అక్కడ అనాల్సింది ఇక్కడ అంటున్నాను. ఆమెకు వినపడదని తెలుసు. దీంతో నా పాపం పోదనీ తెలుసు. అయినా ఒక్కసారన్నా నా నోటి నుంచి రావాలి.

సువార్త మొద్దు కాదు. పెట్టె నేనే తీయలేదు.