కత్తెరల లెక్క

మా కుట్టు కొట్లో నేను పదహారేళ్లుగా కాజాలు కుడుతున్నాను. చాలామందిని చూశాను కానీ, తలుపు తీసుకోవడం రాని మనిషిని ఆమెనే చూశాను. పనిలో చేరిన రోజు మూసిన తలుపు ముందు చేతులు కట్టుకుని నిలబడింది. ఎవరో ఒకరు తీయాలి. ఆ తర్వాతా రోజూ అంతే. "మహారాణి గారికి నేను ద్వారపాలకుణ్ణా?" అని కటింగ్ మాస్టర్ గొణిగేవాడు. నాకూ ఒళ్లు మండేది.

ఆమె కూతురు, పద్నాలుగేళ్లది, పెద్దమ్మ దగ్గర పెరుగుతోంది. నెల రోజులు ఒక్కచోట పనిలో నిలబడితేనే పిల్లను పంపుతానని ఆ పెద్దమ్మ ఖరాఖండిగా చెప్పిందట. అందుకే తలెత్తకుండా కుట్టేది. సాయంత్రం మాత్రం ఎవరూ అడగకుండానే కత్తెరలు లెక్కపెట్టేది. మొత్తం పది. పదీ మేకులకు వేలాడితే గానీ ఆమెకు ఊపిరాడేది కాదు. వెనకాల మేం "కత్తెరక్క" అని నవ్వుకునేవాళ్లం.

ఇరవై తొమ్మిదో రోజు తొమ్మిదే తేలాయి.

గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "కత్తెర దొరికేదాకా ఎవరూ కదలొద్దు! సంచులు తెరవండి!" ఆ గొంతుకి, ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి వచ్చిన పెద్దమనిషి ఒకాయన ఎవరూ చెప్పకుండానే చేతులు పైకెత్తేశాడు.

కత్తెర నా సంచిలో, అన్నం డబ్బా కింద దొరికింది. మనవడి జుట్టు కత్తిరించి పొద్దున్నే తెచ్చేద్దామనుకున్నాను, ఒట్టు.

"అయ్యో వదినా! అక్కడైతే దీనికి నెల్రోజులు ములాఖత్ బంద్ చేస్తారు," అనేసి నాలిక కరుచుకుంది.

"ఎక్కడైతే?" అన్నాడు మాస్టర్.

ఆమె ముఖం పాలిపోయింది. "జైల్లో. ఆరేళ్లున్నాను."

పెద్దమనిషి దించిన చేతులు మళ్లీ ఎత్తాడు.

ఇంకొక్క రోజైతే నెల నిండేది. నా కక్కుర్తి వల్ల ఆ పిల్ల తల్లికి దూరమవుతుందేమోనని భయమేసింది. ఓనరమ్మ గల్లాపెట్టె దగ్గర్నుంచి లేచి వచ్చింది. "పోయినేడాది నాలుగు కత్తెరలు మాయమయ్యాయి. నువ్వొచ్చాక ఒక్కటీ పోలేదు," అని నా వైపు ఒక చూపు చూసి, తాళాల గుత్తి ఆమె చేతిలో పెట్టింది. "రేపట్నుంచి కొట్టు మూసేది నువ్వే."

ఏం చేసి జైలుకెళ్లావని నేనడగలేదు. ఆ నాలుగు కత్తెరల సంగతి ఆమె అడక్కుండా ఉంటే అదే పదివేలు.

మర్నాడు సాయంత్రం కూతురు బట్టల సంచితో దిగింది. అందరూ వెళ్లిపోయారు. నేనూ ఆ పిల్లా బయట నిలబడ్డాం. అద్దం తలుపు అవతల ఆమె కత్తెరలు లెక్కపెట్టింది, లైట్లు ఆర్పింది, తాళాలు తీసుకుని తలుపు దాకా వచ్చింది. వచ్చి, చేతులు కట్టుకుని నిలబడింది. ఆ తలుపుకి గొళ్లెం కూడా వేసి లేదు.

పిల్ల అద్దం మీద తట్టింది. "అమ్మా, ఎవరి కోసం చూస్తున్నావ్? తాళాలు నీ చేతిలోనే ఉన్నాయిగా!"

ఆమె తన చేతి వంక చూసుకుంది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోవడమెందుకు. తలుపు తనే తోసుకుని బయటికొచ్చింది. తాళం వేసి మూడుసార్లు లాగి చూసింది. కూతుర్ని వాటేసుకుని చాలాసేపు వదల్లేదు.

తర్వాత కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"ఏదీ వదినా, నీ సంచి ఒకసారి తెరువు."